పెద్దల ఆరోగ్య సాధనాల వెబ్‌సైటు: చూసి వెళ్లేవారిని కొనేవారిగా మార్చే రూపకల్పనకు సమగ్ర మార్గదర్శి

ఒడిశాలోని బరంపురంలోనో పర్లాకిమిడిలోనో ఒక మందుల దుకాణం ముందు నిలబడి, లోపల తెలిసినవారు ఎవరైనా ఉన్నారేమోనని చూసి, ఉంటే తలనొప్పి మాత్ర మాత్రమే కొనుక్కుని వెనక్కి తిరిగేవారు మన ప్రాంతంలో చాలామంది ఉన్నారు. పెళ్లయిన భార్యాభర్తలకు కూడా కండోమ్ పొట్లం అడగటం ఇక్కడ సులభమైన పని కాదు, ఎందుకంటే కౌంటరు వెనుక ఉన్న మనిషికి మన మామగారు తెలుసు, పక్కన నిలబడినవారికి మన వీధి తెలుసు. అటువంటివారి కోసం కండోమ్‌లు, లూబ్రికెంట్ జెల్, ప్రెగ్నెన్సీ కిట్లు, నెలసరిలో వాడే మెన్‌స్ట్రువల్ కప్పుల వంటి వస్తువులను ఆన్‌లైన్‌లో అమ్మాలనుకునే చిన్న వ్యాపారులు గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాలలో ఉంటే, ఈ మార్గదర్శి వారి కోసం రాసినది.

ఈ వ్యాపారంలో వెబ్‌సైటుకు వచ్చిన మనిషికి వస్తువు మీద ఆసక్తి కలిగించవలసిన పని లేదు, ఆ ఆసక్తితోనే వారు వచ్చారు. వారు కొనకుండా వెళ్లిపోవటానికి కారణం దాదాపు ఎప్పుడూ భయమే. ఇంట్లో తెలుస్తుందేమో, ఫోనులో మిగిలిపోతుందేమో, డబ్బు పోతుందేమో, వచ్చిన పార్సిలు మీద పేరు ఉంటుందేమో అన్న ఒక్కొక్క భయాన్ని, అది పుట్టే చోటనే తీర్చటమే ఇక్కడ రూపకల్పన అంటే. రంగులు, బొమ్మలు, తగ్గింపు ధరలు ఆ తరువాతి సంగతి.

మొదటి మెట్టు: ఏమి అమ్ముతారు, ఏది అమ్మరు

పెద్దల వెబ్‌సైటు అనగానే చాలామందికి అశ్లీల వీడియోలు గుర్తుకు వస్తాయి. మన దేశంలో అటువంటివి ప్రచురించటం నేరం. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 67వ సెక్షను కింద అశ్లీల విషయాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో ప్రచురిస్తే తొలి నేరానికే 3 సంవత్సరాల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటాయి. లైంగిక చర్యలను బాహాటంగా చూపేవాటికి 67ఏ సెక్షను కింద ఇవి 5 సంవత్సరాలు, 10 లక్షల వరకు పెరుగుతాయి. పిల్లలకు సంబంధించినదైతే 67బి సెక్షను ఉంది, దాని విషయంలో ఎవరికీ ఏ సందేహమూ ఉండనవసరం లేదు. కాబట్టి నగ్నచిత్రాలున్న డబ్బాలను, రెచ్చగొట్టే బొమ్మలను, ద్వంద్వార్థాల మాటలను మొదటే పక్కన పెట్టండి. అవి చట్టానికి విరుద్ధం కావచ్చు, అంతకుమించి అవి కొనుగోలుదారును భయపెట్టి పంపేస్తాయి.

రెండవ గీత 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం గీసినది. లైంగిక సుఖ సామర్థ్యాన్ని పెంచుతుందని ఏ మందుకైనా ప్రకటన ఇవ్వటం ఆ చట్టం ప్రకారం నేరం. రైలు పట్టాల పక్క గోడల మీద పెద్ద పెద్ద అక్షరాలతో కనబడే రాతల ధోరణి మీ సైటులో ఒక్క వాక్యంలో కూడా కనబడకూడదు. నూనెలు, చూర్ణాలు, 'శక్తి' మాత్రలు పెట్టవద్దని నా గట్టి సలహా. గర్భస్రావపు మాత్రలు వైద్యుని చీటీ లేకుండా అమ్మదగినవి కావు, వాటి జోలికి ఎంతమాత్రం వెళ్లకూడదు. కండోమ్‌లు, ప్రెగ్నెన్సీ కిట్లు 2017 నాటి వైద్య పరికరాల నిబంధనల పరిధిలోకి వస్తాయి కనుక, మీరు పెట్టదలచిన వస్తువుల జాబితాను తీసుకుని జిల్లాలోని డ్రగ్స్ ఇన్‌స్పెక్టరు కార్యాలయానికి వెళ్లి, దేనికి ఎటువంటి నమోదు కావాలో అడిగి తెలుసుకున్న తరువాతే సరుకు కొనండి.

పన్ను సంగతి ఒకటి సరిహద్దువారికి ప్రత్యేకంగా వర్తిస్తుంది. కండోమ్‌లకు, శానిటరీ నాప్‌కిన్‌లకు జీఎస్టీ లేదు. జెల్ వంటి పన్ను పడే సరుకును మాత్రం పర్లాకిమిడి నుంచి నాలుగడుగుల దూరంలో ఆంధ్రలో ఉన్న పాతపట్నానికి పంపినా అది అంతర్రాష్ట్ర అమ్మకం కిందకే వస్తుంది, టర్నోవరు ఎంత తక్కువైనా జీఎస్టీ నమోదు తప్పదు. మన కొనుగోలుదారుల్లో సగం మంది ఇచ్ఛాపురం, సోంపేట, పార్వతీపురం వైపు ఉండే అవకాశం ఉంది కనుక ఈ నమోదును మొదటి రోజే పూర్తి చేసుకోవటం మంచిది.

రెండవ మెట్టు: వచ్చే మనిషిని ఎరిగి ఉండటం

మన సైటుకు వచ్చేవారు ఒకే రకం మనుషులు కారు. బరంపురంలో ఉద్యోగం చేసే యువకుడు ఒకడు, గోపాలపురం తీరంలోని నోలియా జాలరి కుటుంబపు కోడలు ఒకరు, తేరుబలి కర్మాగారంలో పనిచేస్తూ క్వార్టర్లలో ఉండే భార్యాభర్తలు, సూరత్ మగ్గాల నుంచి సెలవు మీద ఊరికి వచ్చిన మనిషి. వీరందరికీ ఇంట్లో తెలుగే అయినా, బడిలో ఒడియా చదివినవారు తెలుగు మాట్లాడతారు గాని తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతారు. అందువల్ల సైటు తెలుగులో ఉంటే చాలదు. పైభాగాన తెలుగు, ఒడియా రెండింటినీ వాటి వాటి లిపులలోనే రాసి, ఒక్క నొక్కుతో మారే ఏర్పాటు చేయాలి. ప్రతి వస్తువుకూ అర నిమిషం మించని ఆడియో వివరణ, వీలైతే ఒక స్త్రీ గొంతుతో చదివించి పెడితే అక్షరాలతో ఇబ్బంది పడేవారికి ఎంతో ఉపయోగం. అయితే అది తనంతట తాను మోగకూడదు. నలుగురి మధ్య ఫోను ఒక్కసారిగా కండోమ్ గురించి మాట్లాడటం మొదలుపెడితే ఆ మనిషి మళ్లీ మీ సైటు తెరవడు.

ఇంకొక సంగతి, ఫోను ఒక్కరిది కాదు. చాలా ఇళ్లలో భర్త ఫోనును పిల్లలు ఆటలకు తీసుకుంటారు, అత్తగారు వీడియోలు చూస్తారు. ఈ ఒక్క వాస్తవం మీద రూపకల్పన నిర్ణయాలు ఎన్నో ఆధారపడి ఉన్నాయి, కింద అవి ఒక్కొక్కటిగా వస్తాయి.

మూడవ మెట్టు: పేరు, మొదటి తెర

సైటు పేరులో గాని, డొమైను పేరులో గాని వస్తువు పేరు ఉండకూడదు. బ్రౌజరు హిస్టరీలో, బ్యాంకు స్టేటుమెంటులో, కొరియర్ చీటీ మీద, ఎస్ఎమ్ఎస్ పంపినవారి పేరులో అన్నిచోట్లా ఆ పేరే కనబడుతుంది. ఇంట్లో ఎవరు చూసినా ప్రశ్న పుట్టని మామూలు పేరు ఎంచుకోండి. పేజీల శీర్షికలు కూడా అలాగే ఉండాలి. బ్రౌజరు ట్యాబు మీద వస్తువు పేరు కాక దుకాణం పేరు మాత్రమే కనబడేటట్లు చేయించండి. వెతుకులాటలో దొరకవలసిన సమాచార వ్యాసాలకు మాత్రం స్పష్టమైన శీర్షికలు పెట్టుకోవచ్చు, అమ్మకపు పేజీలకు అవసరం లేదు.

మొదటి తెర మీద మూడు వాక్యాలు చాలు. మేము ఏమి అమ్ముతాము, పార్సిలు మీద ఏమి రాసి ఉంటుంది, మీ ఊరికి ఎన్ని రోజులలో వస్తుంది. వీటి కింద పిన్ కోడ్ నింపే ఒక గడి. 761200 అని కొట్టగానే పర్లాకిమిడికి ఎప్పటికి చేరుతుందో చెప్పగలిగితే, వచ్చిన మనిషికి ఇది తన ఊరిని ఎరిగిన దుకాణమని వెంటనే అర్థమవుతుంది. కదిలే బ్యానర్లు, చక్రం తిప్పి బహుమతి గెలుచుకునే ఆటలు, ఎగిరొచ్చే కూపన్లు ఇక్కడ నమ్మకాన్ని చెరుపుతాయి.

తెర పైమూలలో వెంటనే బయటపడే బొత్తం ఒకటి పెట్టండి. నొక్కగానే వాతావరణం పేజీయో వార్తల పేజీయో తెరుచుకోవాలి, వెనక్కి నొక్కితే మీ సైటు మళ్లీ ప్రత్యక్షం కాకూడదు. ఇటువంటి బొత్తాన్ని చాలామంది వాడకపోవచ్చు గాని, అది అక్కడ ఉండటమే మనిషికి ధైర్యం ఇస్తుంది.

తెలుగు అక్షరాల విషయంలో ఒక సాంకేతిక జాగ్రత్త అవసరం. మన లిపిలో వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడం పెడితే పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకి చదవటం కష్టమవుతుంది. అక్షరం 16 పిక్సెళ్లకు తగ్గకుండా, వరుస ఎత్తు అక్షరానికి 1.6 రెట్ల కంటే తక్కువ కాకుండా చూడండి. నోటో సాన్స్ తెలుగు వంటి ఉచిత ఫాంటును అవసరమైన అక్షరాల మేరకు కుదించి వాడితే పేజీ బరువు తగ్గుతుంది. బొత్తాలు వేలికి అందేటట్లు 48 పిక్సెళ్లకు తగ్గకూడదు.

మోహన, ఆర్. ఉదయగిరి, గుడారి వంటి కొండ ప్రాంతాలలో నెట్ నెమ్మది. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకండ్లలోపు కనబడాలన్నది గూగుల్ తన కోర్ వెబ్ వైటల్స్ కొలతలలో మంచిదిగా పెట్టిన హద్దు. నొక్కిన బొత్తానికి స్పందన 200 మిల్లీసెకండ్లలోపు రావాలి. మీ ఆఫీసులోని వైఫై మీద ఈ పరీక్ష చేస్తే ప్రయోజనం లేదు. తక్కువ ధర ఫోను ఒకటి పట్టుకుని, బరంపురం నుంచి తప్తపాని దిక్కుగా వెళ్లే బస్సులో కూర్చుని సైటు తెరిచి చూడండి.

నాలుగవ మెట్టు: వయస్సు అడిగే తలుపు

18 ఏళ్లు నిండినవారికే అన్న మాట మర్యాదగా, ఒకే వాక్యంలో అడగాలి. 'నాకు 18 ఏళ్లు నిండాయి', 'నిండలేదు' అనే రెండు బొత్తాలు ఒకే పరిమాణంలో ఉండాలి. నిండలేదన్నవారిని మందలించకుండా, శరీర ఆరోగ్యం గురించిన సాధారణ సమాచార పేజీకి పంపటం మంచిది. ఎర్రని అక్షరాలు, హెచ్చరిక గుర్తులు పెట్టి ఆ తలుపునే ఒక ఆకర్షణగా చేయటం తప్పు. ఆధార్ సంఖ్య గాని, పుట్టిన తేదీ రుజువు గాని అడగకండి. అడిగితే కొనేవారు వెళ్లిపోతారు, పైగా ఆ సమాచారాన్ని కాపాడే భారం మీ మీద పడుతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వారిని అనుసరించే ప్రకటనలను నిషేధిస్తుంది. ఆర్డరు చివర మరొకసారి వయస్సు ధ్రువీకరణ గడి పెట్టవచ్చు, అయితే దానిలో టిక్కు ముందే పడి ఉండకూడదు.

ఐదవ మెట్టు: వస్తువు పేజీ

ఈ సైటులో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన చోటు ఇదే, ఎందుకంటే దుకాణంలో అడగలేని ప్రశ్నలకు ఇక్కడ జవాబు దొరకాలి. తయారీదారు ఇచ్చిన ఇంగ్లీషు వర్ణనను యంత్రంతో తెలుగులోకి మార్చి అతికించిన పేజీలు ఎన్నో చూస్తున్నాము. అవి చదివితే ఏమీ అర్థం కాదు. వాడుకభాష కోసం గిడుగు రామమూర్తి పంతులు పోరాడిన పర్లాకిమిడి మన పక్కనే ఉంది. వస్తువు గురించి ఆ ఊరి మనుషులు మాట్లాడుకునే తెలుగులో రాయటం మనకు కష్టం కాకూడదు. 'కండోమ్' అందరికీ తెలిసిన మాట, దాన్ని సంస్కృతంలోకి మార్చనవసరం లేదు. పాత తరం వారికి 1968లో ప్రభుత్వం మొదలుపెట్టిన 'నిరోధ్' పేరే అలవాటు కనుక, వెతుకులాట గడిలో ఆ మాట కొట్టినా ఫలితం రావాలి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసేవారి రాతను కూడా ఆ గడి గుర్తుపట్టాలి.

కండోమ్ పేజీని ఉదాహరణగా తీసుకుందాము. పైన డబ్బా ఫోటో ఒకటి, పార్సిలు ఎలా ఉంటుందో చూపే ఫోటో ఒకటి. ఈ రెండవ ఫోటో మొదటిదానికంటే ఎక్కువ పని చేస్తుంది. తరువాత ధర, పొట్లంలో ఎన్ని ఉన్నాయి, వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లు, దేనితో తయారైనది, ఎప్పటిలోగా వాడాలి, తయారీదారు ఎవరు, ఏ దేశంలో తయారైనది. ఎమ్మార్పీ, పరిమాణం, తయారీదారు పేరు, తయారైన దేశం వంటివి చూపటం తూనికలు కొలతల నిబంధనల ప్రకారం తప్పనిసరి కూడా. వాటి కింద ప్రశ్నలు, జవాబులు ఈ తీరులో ఉండాలి:

'కొబ్బరినూనె కలిపి వాడవచ్చా? వాడకూడదు. కొబ్బరినూనె, పెట్రోలియం జెల్లీ లేటెక్స్‌ను బలహీనపరుస్తాయి, చిరిగిపోవచ్చు. నీటితో గాని సిలికాన్‌తో గాని చేసిన జెల్ వాడండి.'

'రెండు కలిపి వేసుకుంటే ఎక్కువ రక్షణా? కాదు. ఒకదానికొకటి రాసుకుని చిరిగే అవకాశం పెరుగుతుంది.'

'పర్సులో పెట్టుకోవచ్చా? ఎక్కువ రోజులు వద్దు. వేడికి, ఒత్తిడికి పాడవుతుంది.'

'లేటెక్స్ పడనివారు ఏమి వాడాలి? పాలీయురెథేన్‌తో గాని, పాలీఐసోప్రీన్‌తో గాని తయారైనవి ఉన్నాయి.'

ఇటువంటి నాలుగు వాక్యాలు చదివిన మనిషికి, ఇక్కడ ఎవరో తన మేలు కోరి రాశారనే నమ్మకం కలుగుతుంది. దానికి సాటి రాగల తగ్గింపు ధర ఏదీ లేదు. జెల్ పేజీలో దానిని కండోమ్‌తో కలిపి వాడవచ్చా లేదా అన్నది తప్పక రాయండి. ప్రెగ్నెన్సీ కిట్ పేజీలో నెలసరి తప్పిన ఎన్ని రోజులకు పరీక్షించాలో, తెల్లవారి మొదటి మూత్రం ఎందుకు మంచిదో రాయండి. ఫలితం ఏదైనా వైద్యుని గాని, ఊరి ఆశా కార్యకర్తను గాని కలవమని చెప్పండి. ఆశా కార్యకర్తలు ప్రభుత్వ పథకం కింద గర్భనిరోధక సాధనాలను ఇంటి వద్దకే తెచ్చి ఇస్తారు. ఆ సంగతి దాచితే మీ వ్యాపారానికి ఏదో లాభమని అనుకోవద్దు. ఉచితంగా దొరికేది కావలసినవారు ఎలాగూ మీ వద్ద కొనరు, చెప్పినందుకు గౌరవం మిగులుతుంది.

కొన్నవారి అభిప్రాయాలను పేర్లు లేకుండా, జిల్లా పేరు మాత్రమే వేసి చూపండి. మీరే రాసిన కల్పిత అభిప్రాయాలు పెట్టకండి, అది చట్టరీత్యా అన్యాయ వ్యాపార పద్ధతి. నిజమైనవి మూడే ఉంటే మూడే చూపండి.

ఆరవ మెట్టు: బుట్ట నుంచి చెల్లింపు వరకు

ఖాతా తెరవమని బలవంతపెట్టకూడదు. ఫోను నంబరు, ఒక ఓటీపీ, చిరునామా, అంతే. ఈమెయిలు గడిని ఐచ్ఛికంగా ఉంచండి. చిరునామాను తెలుగు లిపిలో రాస్తే ఒడియా డెలివరీ అబ్బాయి చదవలేడు. పిన్ కోడ్ కొట్టగానే పోస్టాఫీసు, జిల్లా పేర్లు వాటంతట అవే ఇంగ్లీషులో నిండేటట్లు చేసి, మిగిలినది ఇంగ్లీషు అక్షరాలతో రాయమని గడి పక్కనే చెప్పండి. మన ఊళ్లలో ఇంటి నంబరు కంటే సాహి (పేట) పేరు, వీధి పేరు, దగ్గరి గుడి ముఖ్యం, కాబట్టి 'దగ్గరి గుర్తు' అన్న గడి తప్పనిసరి.

ఇక్కడే మరొక ఎంపిక ఇవ్వండి: 'ఇంటికి వద్దు, కొరియర్ ఆఫీసులోనే తీసుకుంటాను.' మీరు ఒప్పందం చేసుకునే కొరియర్ వారు దీనికి ఒప్పుకుంటారో లేదో ముందుగానే మాట్లాడుకోండి. ఉమ్మడి కుటుంబంలో ఉండేవారికి, ముఖ్యంగా స్త్రీలకు, కొనడానికీ మానుకోవడానికీ మధ్య తేడా ఈ ఒక్క ఎంపికలోనే ఉంటుంది.

మొత్తం ధర బుట్టలోనే తేలిపోవాలి. చివరి తెర మీద ప్యాకింగు చార్జీ, 'గోప్యతా రుసుము' అని కొత్తవి కలిపితే మనిషి ఆ క్షణమే వెళ్లిపోతాడు. వినియోగదారులను తప్పుదారి పట్టించే 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో నిషేధించింది. చివరి అంచెలో ధర పెంచటం, అడగని వస్తువును బుట్టలో వేయటం, 'ఇంకా రెండే ఉన్నాయి' అన్న అబద్ధపు తొందర, వదిలించుకోలేని నెలవారీ చందా, ఇవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. 'వద్దు, నా భార్య ఆరోగ్యం నాకు అక్కరలేదు' వంటి మాటలు రాసిన తిరస్కరణ బొత్తం కూడా అందులోకే వస్తుంది. ఈ రంగంలో సిగ్గును వాడుకుని అమ్మటానికి అవకాశం ఎక్కువ కనుకనే, ఆ పని చేయని దుకాణానికి విలువ ఎక్కువ.

చెల్లింపు గేట్‌వే వారితో, అంటే ఆన్‌లైన్ చెల్లింపులను నడిపే సంస్థతో, ముందే మాట్లాడుకోవలసిన సంగతి ఒకటి ఉంది. నిషిద్ధ వ్యాపారాల జాబితాలో 'పెద్దల వస్తువులు, సేవలు' అని చాలామంది గేట్‌వేలు రాసుకుంటారు. మీ వస్తువుల జాబితా పంపి, కండోమ్‌లు, ప్రెగ్నెన్సీ కిట్ల వంటి ఆరోగ్య సాధనాలను అమ్మటానికి రాతపూర్వక అనుమతి తీసుకోండి. వేరే వ్యాపారం పేరు చెప్పి ఖాతా తెరిస్తే, ఒక రోజు డబ్బంతా నిలిచిపోతుంది. దరఖాస్తుకు ముందే గోప్యతా విధానం, వాపసు విధానం, డెలివరీ విధానం, నిబంధనలు, సంప్రదింపు వివరాల పేజీలు సైటులో ఉండాలి.

యూపీఐ విషయంలో, ఫోనులో కొంటున్న మనిషికి అదే ఫోను తెర మీద క్యూఆర్ కోడ్ చూపితే దానిని దేనితో స్కాన్ చేస్తారు? నొక్కగానే వారి యూపీఐ యాప్ తెరుచుకునే పద్ధతి పెట్టించండి. డబ్బు అందుకునేవారి పేరు ఎలా కనబడుతుందో బొత్తం కిందనే ముందుగా రాయండి: 'మీ బ్యాంకు స్టేటుమెంటులో ఈ పేరు మాత్రమే ఉంటుంది.' ఇద్దరి పేరు మీద ఉన్న ఖాతాలు, పాస్‌బుక్ పట్టుకుని ప్రింటు వేయించుకునే నాన్నగార్లు ఉన్నచోట ఈ వాక్యం ఎంత ముఖ్యమో వేరే చెప్పనవసరం లేదు. డబ్బు కట్ అయి ఆర్డరు పడకపోతే ఏమవుతుందో కూడా అక్కడే చెప్పాలి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం వ్యాపారికి చేసిన యూపీఐ చెల్లింపు విఫలమైతే లావాదేవీ రోజు తరువాత 5 రోజులలోపు సొమ్ము వెనక్కి రావాలి. ఈ రంగంలో మోసపోయినవారు పోలీసు స్టేషనుకు వెళ్లి చెప్పుకోలేరు, ఆ సంగతి వారికి తెలుసు, అందుకే ముందుగా డబ్బు కట్టడానికి వెనుకాడతారు.

ఆ కారణం చేతనే క్యాష్ ఆన్ డెలివరీ తీసివేయకూడదు. కొంత మొత్తం దాటిన ఆర్డర్లకు మాత్రమే ముందస్తు చెల్లింపు అడగండి. తిరిగి వచ్చే పార్సిళ్ల నష్టం తగ్గించటానికి చాలామంది ఫోను చేసి ధ్రువీకరించుకుంటారు. మన వ్యాపారంలో ఆ పని చేయకూడదు, ఎందుకంటే ఆ ఫోను ఎవరు ఎత్తుతారో తెలియదు. ఆర్డరు వేసేటప్పుడే ఓటీపీతో ధ్రువీకరణ పూర్తి కావాలి.

ఏడవ మెట్టు: ఆర్డరు తరువాతి మాటలు, పార్సిలు

తాళం వేసిన ఫోను తెర మీద కూడా ఎస్ఎమ్ఎస్ కనబడుతుంది. 'మీ డాటెడ్ కండోమ్‌లు 10 ప్యాకు డెలివరీకి బయలుదేరింది' అన్న సందేశం భోజనాల వేళ బల్ల మీద వెలిగితే ఏమవుతుందో ఊహించండి. 'మీ ఆర్డరు 4172 రేపు అందుతుంది' అంటే చాలు. టెలికాం నియమాల ప్రకారం వ్యాపార సందేశాల నమూనాలను, పంపేవారి పేరును డీఎల్‌టీ వేదికలో ముందుగా నమోదు చేయాలి కనుక, నమోదు చేసేటప్పుడే ప్రతి నమూనాలోనూ వస్తువు పేరు లేకుండా చూసుకోండి. బుట్టలో వదిలేసిన వస్తువు గురించి గుర్తుచేసే సందేశాలు, చూసిన వస్తువునే మళ్లీ మళ్లీ వెంటాడి చూపే ప్రకటనలు మన రంగానికి పనికిరావు. అవి మరొకరి కంట పడతాయి.

పార్సిలు గురించి వివరంగానే చెప్పాలి. గోధుమరంగు అట్టపెట్టె, మామూలు టేపు. దుకాణం బొమ్మ, నినాదం ఏదీ వద్దు. చీటీ మీద పంపినవారి పేరు, చిరునామా, అందుకునేవారి పేరు, ఫోను. లోపలి వస్తువు ఏమిటన్న గడిలో అబద్ధం రాయకుండా 'వ్యక్తిగత సంరక్షణ వస్తువులు' అని రాయవచ్చు. బిల్లు పెట్టె లోపల ఉండాలి, బయటి పారదర్శకపు సంచిలో కాదు. పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడండి: గలగలమని చిన్న డబ్బాలు కదిలే చప్పుడు వస్తే ఇంట్లోని పెద్దావిడ 'ఏమొచ్చిందిరా?' అని అడిగి తీరుతుంది. ఖాళీలను కాగితంతో బిగించండి. రెండు పొరల టేపు వేయవద్దు, కత్తెర కోసం వెతుకుతూ ఉంటే నలుగురూ చేరతారు. చేతితో లాగగానే తెరుచుకునే పెట్టె కావాలి. ఈ మొత్తాన్ని ఫోటోలు తీసి, 'మా పార్సిలు ఇలా వస్తుంది' అన్న పేజీగా పెట్టి, ప్రతి వస్తువు పేజీ నుంచి దానికి దారి ఇవ్వండి.

మన ఎండలు లేటెక్స్‌కు మంచివి కావు. వేసవిలో పార్సిళ్లు ఎండలో నిలిచే వాహనాలలో రోజుల తరబడి ఉండకుండా, శనివారం పంపటం మానుకుని సోమవారం పంపండి. మీ గోదాము రేకుల షెడ్డు కాకూడదు.

విప్పిన వస్తువును ఆరోగ్యరీత్యా వెనక్కి తీసుకోరని కొనకముందే పెద్ద అక్షరాలతో చెప్పండి. పాడై వచ్చినా, వేరేది వచ్చినా ఫోటో చూసి డబ్బు తిరిగి ఇవ్వండి, వస్తువును వెనక్కి పంపమని అడగవద్దు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారి పేరు, వివరాలు సైటులో ఉండాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలోపు తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ అధికారి స్థానంలో ఒక పురుషుడు, ఒక స్త్రీ ఇద్దరి నంబర్లూ ఇస్తే, స్త్రీలు అడగదలచినవి అడుగుతారు. ఫోను కంటే రాసి అడగటమే చాలామందికి సులభం, కాబట్టి వాట్సాప్ నంబరు ఇవ్వండి.

ఎనిమిదవ మెట్టు: కొలిచి సరిచేయటం

అమ్మకాలు తక్కువగా ఉన్నాయని ధర తగ్గించేముందు, మనుషులు ఎక్కడ ఆగిపోతున్నారో చూడండి. ఉదాహరణకు వెయ్యిమంది వచ్చారనుకుందాము. నాలుగు వందలమంది వస్తువు పేజీ తెరిచి, అరవైమంది బుట్టలో వేసి, పన్నెండుమంది డబ్బు కడితే, ధర సమస్య కాదు. బుట్టలో వేసినవారు ధర చూసే వేశారు. చిరునామా, చెల్లింపు తెరలలో ఏదో వారిని ఆపింది. అదే నాలుగు వందలమందిలో ఆరుగురే బుట్టలో వేస్తే వస్తువు పేజీ మీద పని చేయాలి. వయస్సు తలుపు దగ్గరే ఆరు వందలమంది వెళ్లిపోతే ఆ తలుపు మాటలు మార్చాలి. ఒకసారి ఒక్క మార్పే చేయండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. ఈ లెక్కలకు మనిషి పేరు, ఫోను నంబరు అవసరం లేదు. సైటుకు వచ్చేవారిని లెక్కించే మాటోమో వంటి సాధనాన్ని మీ సొంత సర్వరు మీదనే నడిపితే ఎవరు ఏ పేజీ చూశారన్న సమాచారం బయటివారి చేతికి వెళ్లదు.

లెక్కలు చెప్పలేనివి మనుషులు చెబుతారు. నమ్మకమైన ఐదుగురు పరిచయస్థులకు, వారిలో కనీసం ఇద్దరు స్త్రీలు, ఒకరు ఒడియా చదువు చదివినవారు ఉండేటట్లు చూసుకుని, ఫోను ఇచ్చి ఒక వస్తువు కొనమనండి. 'బాగుందా?' అని అడగవద్దు, మర్యాదకు బాగుందనే అంటారు. వేలు ఎక్కడ ఆగింది, ఏ వాక్యం రెండుసార్లు చదివారు, ఎప్పుడు తల ఎత్తి చుట్టూ చూశారు, ఇవి గమనించండి. తల ఎత్తి చూసిన ప్రతి చోటా ఒక భయం తీరకుండా మిగిలి ఉందన్న మాట.

రెండవసారి కొనటం మొదటిసారికంటే సులువుగా ఉండాలి. ఫోను నంబరు, ఓటీపీ ఇస్తే పాత ఆర్డరు కనబడి, ఒక్క నొక్కుతో మళ్లీ వేసుకునే వీలు కల్పించండి. అయితే ఫోను మరొకరి చేతికి పోతుంది కనుక, పని అయిన వెంటనే తనంతట తాను లాగౌట్ కావాలి. పాత ఆర్డర్లను తెర మీద కనబడకుండా తొలగించే బొత్తం కూడా ఇవ్వండి. జీఎస్టీ చట్టం ప్రకారం బిల్లులను 72 నెలలు భద్రపరచవలసి ఉంటుంది, కాబట్టి బిల్లు మీ లెక్కలలో ఉంటుందని, తెర మీద మాత్రం కనబడదని ఆ బొత్తం పక్కనే నిజం చెప్పండి. నెలనెలా గుర్తుచేసే సందేశం కావాలని వారే కోరితే పంపండి, లేకపోతే వద్దు.

ప్రకటనలకు డబ్బు ఖర్చు చేయటం అన్నింటికంటే చివరి పని. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో గర్భనిరోధక సాధనాల ప్రకటనలను 18 ఏళ్లు నిండినవారికే చూపనిస్తారు. ఆ ప్రకటనల్లో సాధనం చేసే పని గురించే రాయాలి, లైంగిక సుఖం గురించి రాస్తే తిరస్కరిస్తారు. గూగుల్‌లో కూడా ఈ రంగానికి కట్టుబాట్లు ఉన్నాయి. అంతకంటే మీరు తెలుగులో, ఒడియాలో రాసిన సమాచార వ్యాసాలే నిదానంగా మనుషులను తెస్తాయి. మొదట ఏడెనిమిది వస్తువులతో, బరంపురం, పర్లాకిమిడి పిన్ కోడ్‌లకు మాత్రమే అమ్మకం తెరవండి. పార్సిలు చెప్పిన రోజున, చెప్పిన రూపంలో చేరుతున్నదని నమ్మకం కుదిరిన తరువాత రాయగడ, గుణుపురం, జయపురం కలపండి, ఆ పైన ఆంధ్ర వైపు తెరవండి. వ్యాసాల ద్వారా వచ్చినవారిలో ఎందరు కొంటున్నారో నిలకడగా తెలిసే వరకు ప్రకటనలకు ఒక్క రూపాయి కూడా పెట్టకండి.